పాడకుండా వదిలేసిన మూడో చరణం

పోయిన నెల మా జనగామ గ్రంథాలయంలో కొత్తగా చేరిన అమ్మాయి, రిటైరై కూర్చున్న నన్ను వెతుక్కుంటూ ఇంటికొచ్చింది. పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్న పిల్ల, తెలివైనదే. మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టకముందే అడిగింది: "మేడం, నిజం చెప్పుండ్రి. ఈ నౌకరిల పుస్తకాలిచ్చుడు, తీసుకునుడు తప్ప ఇంకేమన్న ఉంటదా?"

నాకు కోపం వచ్చింది. నాకు కోపం తొందరగానే వస్తుంది. నేను పనిచేసిన మూడు ఊళ్లలోనూ నా వెనకాల "మిరపకాయ మేడం" అనుకునేవాళ్లని నాకు తెలుసు. అయితే ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పేముంది? చేరిన కొత్తలో నేనూ అదే అనుకున్నాను. అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ పదోన్నతి వచ్చింది, దాన్ని ఎవరు అడ్డుకున్నారు అనే గొడవ ఇందులో ఉండదు. అవి గుర్తుచేసుకుంటే రక్తపోటు పెరగడం తప్ప లాభం లేదు. ఈ పని నాకు నేర్పిన మనిషి గురించి, ఒక పాట గురించి చెబుతాను.

తామరపువ్వు కనబడ్డదా?

జనగామలో నా మొదటి అధికారి రాజయ్య సారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చొక్కా జేబులో రెండు పెన్నులతో ఉండేవాడు. చేరిన మొదటి వారం నన్ను పిలిచి, ఒక పాత వచన పుస్తకం తెరిచి, ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. "వారి జయము లోకమెల్ల చాటెను" అని ఉంది.

"చదువు బిడ్డా" అన్నాడు. చదివాను.

"తామరపువ్వు కనబడ్డదా?"

నాకేం కనబడలేదు. ముసలాయనకు మతి చలించిందేమో అనుకున్నాను. ఆయన రెండు పదాల మధ్య ఉన్న ఖాళీని వేలితో మూసేశాడు. వారి జయము. వారిజ. తామరపువ్వు! నేను గట్టిగా నవ్వేశాను. పేపర్లు చదువుకుంటున్న వాళ్లు తలెత్తి చూశారు.

అప్పట్నుంచి నాకు అదే పిచ్చి పట్టింది. మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఆయన పాత పుస్తకాలు తీసేవాడు. ఒక పద్యంలో నాలుగు పాదాల మొదటి అక్షరాలు నిలువుగా చదివితే "వనమాల" అని వచ్చింది. ఆమె ఎవరు? కవి పెళ్లామా, కూతురా? పుస్తకంలో ఇంకెక్కడా ఆ పేరు లేదు. "చూసినవా, గింత పెద్ద పుస్తకంల రాజుల పేర్లన్ని బయటనే రాసిండు. ఈమె పేరొక్కటే దాసుకున్నడు" అన్నాడు సారు. పైకి అనలేని పేరును మనిషి ఎంత జాగ్రత్తగా దాచుకుంటాడో అప్పుడు నాకు మొదటిసారి అర్థమైంది.

సారు పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ మధ్యాహ్నం అన్నం తిని కూర్చుంటే, "చదువు బిడ్డా" అని ఎవరైనా అంటే బాగుండునని అనిపిస్తుంది. ఇంట్లో అందరూ ఉన్నారు. ఆ మాట అనేవాళ్లే లేరు.

కుట్టినోన్ని అడుగు

సారు తప్పు చేయలేదా? చేశాడు, అదీ పదిమందిలో. ఒక పాత కథల పుస్తకంలో అధ్యాయాల మొదటి అక్షరాలు కలిపితే ఒక ఊరి పేరు వస్తోందని కనిపెట్టి, కవి పుట్టిన ఊరు అదేనని గ్రంథాలయంలో సభ పెట్టి మరీ చెప్పాడు. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. నెల తిరక్కుండా ఒక పాఠకుడు అదే పుస్తకం ఇంకో ప్రతి తెచ్చాడు. అందులో అధ్యాయాల వరుస వేరు. సంగతేమిటంటే, మన ప్రతి చినిగిపోతే ఎప్పుడో బైండింగుకు ఇచ్చారు. బైండరు మడతలు ముందువెనకలుగా పెట్టి కుట్టేశాడు. ఊరు పుట్టించింది కవి కాదు, బైండరు!

ఇంకొకరైతే ఆ రెండో ప్రతిని మూలన పడేసి ఊరుకునేవాళ్లు. సారు మళ్లీ సభ పెట్టి, "పోయినసారి నేను చెప్పింది తప్పు, శాలువ వాపసు తీసుకోండ్రి" అన్నాడు. జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రం నాతో ఒక మాట అన్నాడు. నా ఉద్యోగమంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది.

"బిడ్డా, పుస్తకంల ఏదన్న తేడా కనబడితే రాసినోన్ని అడిగే ముందు కుట్టినోన్ని అడుగు. రాసినోడు పాపం సప్పుడు చెయ్యడు గద, అందరు ఆయన మీదికే పోతరు."

ఇంకో రెండు షరతులు కూడా పెట్టాడు. నచ్చని అక్షరం దాటేయొద్దు. లేని అక్షరం మనసులో కలుపుకోవద్దు.

పురుగుల మందులో తాతగారు

ఈ షరతులు భూపాలపల్లిలో పనికొచ్చాయి. టేకుమట్ల నుంచి ఒక పెద్దమనిషి కారులో వచ్చాడు. ఎన్నికల్లో నిలబడే ఆలోచన ఉంది. ఒక పాత క్షేత్ర చరిత్ర తెచ్చి, అందులో వాక్యాల మొదటి అక్షరాలు కలిపితే తన తాత పేరు వస్తోందని, గుడి కట్టించింది తమ వంశమేనని, గ్రంథాలయం ముద్ర వేసి కాగితం ఇమ్మని అడిగాడు. చూశాను. అయిదు వాక్యాలు దాటేసి ఒకటి, రెండు దాటేసి ఇంకొకటి. ఇష్టమొచ్చినట్టు ఏరుకున్నాడు.

"గట్ల దాటిచ్చుకుంట పోతే ఎవలి పేరన్న వస్తది సార్" అన్నాను.

"ఎట్లొస్తది? చూపెట్టు!" అని గద్దించాడు.

మా అటెండరు పొలానికి కొన్న పురుగుల మందు డబ్బా కిటికీలో ఉంది. దానితో వచ్చిన కాగితం తీసి, ఆయన పద్ధతిలోనే వాళ్ల తాతగారిని పూర్తి ఇంటిపేరుతో సహా బయటకు లాగాను. పేపర్లు చదివేవాళ్లంతా మా చుట్టూ మూగారు. ఒకాయన "తాత మంచి ఘాటుగున్నడు" అన్నాడు. పెద్దమనిషి ముఖం కందగడ్డయింది. పైకి ఫిర్యాదు పోయింది, నాకు సంజాయిషీ అడుగుతూ కాగితమూ వచ్చింది. రానీ. కొత్తగా చేరేవాళ్లకు చెబుతున్నాను, మనసులో ఒకటి పెట్టుకుని వెతికితే పుస్తకం కాదనదు. అది దాని మంచితనం. కాదనాల్సింది మనం.

కాదనడం ఎంత కష్టమో మహబూబాబాద్‌లో తెలిసింది.

సు, లో, న

అక్కడ నేను వారానికో పాత పద్యం నోటీసు బోర్డు మీద రాసి, "ఇందులో దాగిన పేరు చెప్పండి" అని కింద రాసేదాన్ని. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు కాసేపు బోర్డు ముందు కొట్లాడుకునేవాళ్లు. వాళ్లలో కొత్తగూడ వైపు తండాల పిల్లలు చాలామంది. ఆ కబురు తండాకు పోయింది. ఒకరోజు అరవై దగ్గర పడ్డ ఒకామె వచ్చింది. వెంట భర్త. ఆయన లోపలికి రాకుండా మెట్ల మీద కూర్చున్నాడు.

"దాసిన పేర్లు తీసే మేడం నువ్వేనా అమ్మా?" అంది. "నా పేరు సులోచన. నా పేరు దీంట్ల ఉన్నదో లేదో జర చూసి చెప్పు." సంచీలోంచి ఒక సన్నని పాటల పుస్తకం తీసింది.

ఆమెది చిట్యాల. తండ్రి యాకోబు అక్కడి చర్చిలో ఉపదేశి, అంటే వాక్యం చెప్పి పాటలు నేర్పేవాడు. ఆయనకు ఒక అలవాటు. సంఘంలో ఏ పిల్ల పెళ్లయినా, ఏ పిల్లవాడి పెళ్లయినా వాళ్ల పేరులో ఎన్ని అక్షరాలుంటే అన్ని చరణాలతో ఒక పాట కట్టేవాడు. ఒక్కో చరణం ఒక్కో అక్షరంతో మొదలయ్యేది. ఊళ్లో వాటిని పేరు పాటలనేవాళ్లు. పేరు పాట లేకుండా అక్కడ పెళ్లి జరిగినట్టే కాదు.

సులోచన మాత్రం చర్చిలో పెళ్లి చేసుకోలేదు. పత్తి ఏరడానికి వచ్చిన లంబాడా యువకుడు బాలును ఇష్టపడి, చెప్పకుండా కొత్తగూడ వెళ్లిపోయింది. తండ్రి వెతకలేదు, తిట్టలేదు. బతికినన్నాళ్లూ ఆమె పేరు నోట పలకలేదు.

"మా తమ్ముడు దావీదు పెండ్లికి పాట కట్టిండు. ఊరందరికి కట్టిండు. నాకు కట్టిండో లేదో ఎవలు చెప్పరాయె. బాపు పోయినంక సంఘమోళ్లు ఆయన పాటలు మల్ల అచ్చేసిండ్రు. మా చిన్నమ్మ బిడ్డ తెచ్చిచ్చింది" అంది. పుస్తకం విప్పి ఒక పాట చూపించింది. "గీ పాట నేనెన్నడు ఇనలే. మొదటి చరణం 'సుడిగాలి' అని ఉంది. రెండోది 'లోయల' అని. నా గుండె ఆగినంత పనయింది మేడం. తర్వాత చూడు."

చూశాను. మూడో చరణం "నమ్మిన దీపము" అని మొదలై, పాట అయిపోయింది. సు, లో, న. చ లేదు.

"చ తీసేసిండు" అంది. "కట్టిండు, మల్ల మనసు విరిగి నడుమల ఇరగ్గొట్టిండు. అంతే గద? లేకుంటే గది నా పాటే కాదు, నాకే గట్ల కనబడుతున్నదా? ఏదో ఒకటి చెప్పు. నలభై ఏండ్ల సంది ఇదే పరేషాన్."

"అది నీ పాటేనక్కా" అనేస్తే ఏం పోయింది? ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె కళ్లు చూస్తే రాతి మనిషి కూడా అనేస్తాడు. కానీ సారు షరతు ఉందే, లేని అక్షరం కలుపుకోవద్దని! నేను అబద్ధం చెబితే ఆమె ఆ పూటకు సంతోషపడుతుంది. ఇంటికి పోయాక రాత్రి మళ్లీ ఆ చ కోసం వెతుక్కుంటుంది.

"కూర్చో అక్కా" అని, చాయ్ తెప్పించి, పుస్తకం మొదటి నుంచి తిప్పడం మొదలుపెట్టాను. దావీదు పాట సరిగ్గానే ఉంది: దా, వీ, దు. ఇంకొన్ని కూడా సరిగ్గా ఉన్నాయి. తర్వాత ఒక పాట దగ్గర ఆగాను. సు, కు, రి.

"ఇదెవరి పాట?"

ఆమె తొంగిచూసి, "సుకుమారిది. మా పక్కింటి పిల్ల" అంది.

"సుకుమారి మీద మీ బాపుకు కోపమా?"

"దాని మీద కోపమేంది? మా ఇంట్ల తిని మా ఇంట్ల పండుకున్న పిల్ల..." అని ఆగిపోయింది. "మరి 'మా' అక్షరం ఏది?"

ఇద్దరం పుస్తకం మళ్లీ మొదటి నుంచి తిప్పాం. ఏ పాటకూ మూడు చరణాలకు మించి లేవు. మూడక్షరాల పేర్లన్నీ బాగున్నాయి, నాలుగక్షరాల పేర్లన్నిటికీ మూడో అక్షరం ఎగిరిపోయింది. కోపమొచ్చి ఒక కూతురి పేరు విరగ్గొట్టే తండ్రి, ఊళ్లో పిల్లలందరి పేర్లూ విరగ్గొడతాడా? రాసినోన్ని అడిగే ముందు కుట్టినోన్ని అడుగు. ఆ క్షణంలో సారు నా కుర్చీ వెనక నిలబడ్డట్టే అనిపించింది.

"అక్కా, ఇది మీ బాపు పని కాదనుకుంట. నాకు జర టైమియ్యి" అన్నాను.

ఒకటి, రెండు, ఆఖరిది

చిట్యాల వెళ్లి సంఘ పెద్ద యోసేపును కలిశాను. పండు ముసలాయన, వాకిట్లో నులక మంచం మీద కూర్చున్నాడు. పుస్తకం చూపించి అడిగాను.

"అదా" అని నవ్వాడు. "యాకోబయ్య పాటలు పొడుగమ్మా. అన్ని చరణాలు పాడుకుంట కూసుంటే కూలికి పొయ్యేటోళ్లు ఆరాధననే మానేస్తరు. ఒకటి, రెండు, ఆఖరిది. గంతే పాడుతుంటిమి. అచ్చేసేటప్పుడు కూడ పాడేటియే ఏసినం. పాడనిది ఎందుకు, కాయితం దండుగ."

"అందులో పేర్లుంటాయని తెలుసు కదా పెద్దయ్యా?"

"పెండ్లి నాడు తెలుస్తది. తెల్లారితే ఎవలికి యాదికుంటది? పాట దేవునిదే గదా."

ఆయన మీద కోప్పడదామనే వెళ్లాను. కోపం రాలేదు. ఏ చర్చిలో చూసినా, ఏ భజనలో చూసినా అంతే. పాడేవాళ్లు పాటను మోసేవాళ్లు, బరువైతే కొంచెం దించుకుంటారు. నేను సుడిగాలి పాట చూపించి ఇది ఎవరి పెళ్లికి కట్టిందని అడిగాను. ఆయన చాలాసేపు కళ్లు చిట్లించుకుని చూశాడు.

"ఇది పెండ్లికి గాదమ్మా. ఒక ఆదివారం ఉత్తగనే తెచ్చిచ్చిండు. ఎవలిదయ్యా అంటే 'పాడుండ్రి' అన్నడు. అయితే ఒక ముచ్చట. గీ పాటకు ఆయన ఎప్పుడు ఎనుకబడుతుండె. మేము ఆఖరి చరణానికి పోతుంటే ఆయన ఒక్కడే ఆగి, నోట్ల నోట్ల ఏదో అనుకునేటోడు. ముసలోడయిండు, దమ్ము అందుతలేదు అనుకున్నం."

ఆయన ఆగిన ఆ చోట ఉండాల్సింది చ చరణమేనని నాకు తట్టింది. కానీ ఊహ ఊహే, రుజువు కాదు. పుస్తకం చివరి పేజీలో "మొదటి కూర్పు జనగామలో అచ్చయినది" అని చిన్న అక్షరాల్లో ఉంది. జనగామ!

మా రాజయ్య సారుకు ఒక జబ్బు ఉండేది. జనగామలో చిన్నచిన్న ప్రెస్సులు వేసిన ప్రతి పుస్తకం ఒక కాపీ అడుక్కొచ్చి దాచేవాడు. భజన పాటలు, హారతులు, పెళ్లి పాటలు, పశువుల మందుల పుస్తకాలు. పైవాళ్లు వచ్చినప్పుడల్లా ఈ చెత్త తీసేయమనేవాళ్లు. ఆయన "రేపు తీస్త సార్" అనేవాడు. ఆ రేపు రాకుండానే రిటైరయ్యాడు. జనగామ వెళ్లి వెనక గదిలో బీరువా తీయించాను. పాత పంచె గుడ్డల్లో కట్టిన మూటలు అలాగే ఉన్నాయి. ముడులు ఆయనవే. ఆయన ముడి విప్పడం ఎప్పుడూ కష్టమే, గోళ్లు విరిగేవి. ఆ ముడులు విప్పుతూ కూర్చుని ఏడ్చాను. దేనికని అడిగితే చెప్పలేను. ఆయన కోసమే అనుకుంటాను.

మూడో మూటలో ఆ మొదటి కూర్పు దొరికింది. సుడిగాలి పాట. నాలుగు చరణాలు. మూడోది ఇది:

చలి రాత్రి తలుపుకు గడియ వేయను తండ్రీ
తప్పెవరిదన్నది నీకు విడిచితినయ్యా

కొత్తగా చేరినవాళ్లకు ఒకటి చెప్పాలి. ఇప్పుడు అన్నీ కంప్యూటరులోకి ఎక్కిస్తున్నారు, సంతోషం. కానీ ఒక అచ్చు ఎక్కించి, రెండోది ఎందుకు, చోటు దండుగ అని పారేయకండి. రెండూ ఒకటే అని మీకెవరు చెప్పారు? చదివారా?

తలుపు

సులోచనను మహబూబాబాద్‌కు పిలిపించి, ఆ చరణం చదివి వినిపించాను. ఆమె రెండోసారి చదివించుకుంది. "చలి" దగ్గర వేలు పెట్టి, సు, లో, చ, న అని తనే కూడబలుక్కుంది. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ముఖం పాలిపోయింది.

"గడియ వెయ్యనన్నడా?"

"అవునక్కా."

"నేను పోయిన మేడం. పెద్దోడు పుట్టినంక, వాణ్ని సంకల ఏసుకొని ఒకపారి పోయిన. పొద్దుగూకినంక వాడకట్టు మూలకు నిలవడి చూసిన. తలుపు దగ్గరికేసి ఉండె. గడియ పెట్టిండనుకున్న. అక్కడి నుంచే మర్లొచ్చిన." రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "తోసి చూస్తే అయిపోవు గదా! ఒక్కపారి తోసి చూస్తే అయిపోవు గదా!"

మెట్ల మీద కూర్చున్న బాలు ఆ ఏడుపు విని లోపలికి వచ్చాడు. ఆమె పక్కన కింద కూర్చుని, పాదం మీద చెయ్యి వేశాడు. నిజం చెప్పడమే మన పని అని సారు నేర్పాడు. చెప్పాక ఎదుటివాళ్లు ఏమవుతారో నేర్పలేదు.

చాలాసేపటికి ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని ఒక్కటే అడిగింది: "గా చరణం చిట్యాలల పాడిస్తరా?"

యోసేపు పెద్దయ్యకు చెప్పాను. ఆయన ఆ రెండు పంక్తులూ పైకి చదివించుకుని, "అయ్యో యాకోబయ్యా, దమ్ము గాదా నీది" అని తల పట్టుకున్నాడు.

ఆ ఆదివారం నేనూ చిట్యాల చర్చికి వెళ్లాను. సులోచన చెప్పులు విడిచి గడప బయటే నిలబడిపోయింది. తమ్ముడు దావీదు చూశాడు, లేచి రాలేదు, కానీ చాప మీద కొంచెం పక్కకు జరిగాడు. పెద్దయ్య కర్ర పట్టుకుని లేచి, "ఇయ్యాల అందరు ఓపిక పట్టుండ్రి. సుడిగాలి పాట నాలుగు చరణాలు పాడుతున్నం" అన్నాడు. పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు.

మొదటిది పాడారు. రెండోది పాడారు. అలవాటు కొద్దీ కొందరు "నమ్మిన" అని ఎత్తుకోబోతే పెద్దయ్య చెయ్యెత్తి ఆపి, వణికే గొంతుతో తనే "చలి రాత్రి" అని అందుకున్నాడు. అందరూ ఆయన వెనకే అన్నారు. తర్వాత నాలుగోది. నేను ఒక్కో అక్షరం లెక్కపెడుతూ గడప వైపే చూస్తున్నాను. సు. లో. చ. న.

పాట ఆగింది. డప్పు కూడా ఆగింది. సులోచన గడప దాటి లోపల కాలు పెట్టింది. చిన్నప్పుడు తండ్రి పేరు పెట్టి పిలిస్తే పెరట్లోంచి పలికినట్టుగా పలికింది.

"ఆఁ... బాపూ. వచ్చిన."